లాభం, రెండు, మూడు

నర్సాపురం డ్రైన్ల ఆఫీసు మేడ మీద
మూడు రోజులుగా తెర ఒకటే మాట చెబుతోంది:
మురుగు అనేది ఎక్కడా కనబడలేదు.

కిటికీలోంచి కనబడుతూనే ఉంది.
గుర్రపుడెక్క కింద నల్లగా, కదలకుండా,
సముద్రం తలుపు తీసేదాకా కూర్చున్న మురుగు.

తెర అడిగేది దాన్ని కాదు.
కడలి ధర్మారాయుడు గారు డెబ్బై తొమ్మిదిలో
ఫోర్ట్రాన్‌లో రాసిన సబ్‌రొటీన్‌ని.
ఆ రోజుల్లో పేరుకి ఆరక్షరాలే ఇచ్చేవారు.
ఎం, యు, ఆర్, యు, జి, యు.
కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

కంపైలర్ దాని తోకకి ఒక అడుగుగీత తగిలించి దాచిందని
నాలుగో పూటకి గాని తెలియలేదు.
గీతతో పిలిస్తే పలికింది.

ఏడో గడిలో మొదలుపెట్టాలి.
డెబ్బై రెండు దాటిన మాట
గట్టు తెగిన నీళ్ళ లెక్క, ఎవరికీ అందదు.
ఇంకో చిక్కు: ఐ నుంచి ఎన్ దాకా
ఏ అక్షరంతో మొదలైనా ఈ భాషకది పూర్ణసంఖ్య.
నీరు అని రాస్తే ఎన్.
దశాంశాలన్నీ రాలిపోయి అడుగులే మిగులుతాయి.
అందుకని ఆయన నీటి ముందు ఒక ఎక్స్ నిలబెట్టారు.
ఎక్స్‌నీరు.
చూసి నవ్వాను మొదట.
వేలెడు నీళ్ళు ఎక్కువ నిలిస్తే చాలదూ
నారుమడి ఊపిరాడక కుళ్ళడానికి?
ఆ వేలెడూ ఎక్స్ పట్టుకుని ఉంది.

పైతాన్ అడ్డంగా చదువుతుంది, ఇది నిలువుగా.
తెలియక కొలతల పట్టీ అలాగే అందించాను.
గంటలు ఊళ్ళయ్యాయి, ఊళ్ళు గంటలయ్యాయి.
తెల్లారుజాము మూడింటి పోటు పోయి మొగల్తూరయింది,
మొగల్తూరు ఊరంతా ఒక సాయంత్రమైపోయింది.

లెక్క ఎక్కడ మొదలవ్వాలన్నదీ తగువే.
పైతాన్ సున్నా అంటుంది, ధర్మారాయుడు గారు ఒకటి.
టీ పెట్టి వెళుతూ అటెండరు ఏసుపాదం ఆగాడు.
వాళ్ళ నాన్న కళ్ళాల్లో కొలగాడు.
"మొదటి కుంచానికి లాభం అనేవోడండి. లాభం, రెండు, మూడు.
సున్నా కుంచం ఎవరింటికి మోసుకెళ్తారండీ?"

రెండువందల పదకొండో వరసలో ఒక అంకె:
సున్నా పాయింటు మూడు అయిదు.
ఏ సూత్రంలోదీ కాదు.
పైన, సి అక్షరం వెనకాల, ఇంగ్లీషు లిపిలో రెండు తెలుగు మాటలు:
రత్నం చెప్పాడు.

ఎవరీ రత్నం? ఫైళ్ళలో లేడు.
తీసేశాను.
ఒక్క హెచ్చరిక లేకుండా కంపైలయింది.
పోయిన అక్టోబరు వాన పోసి చూస్తే
మొగ తలుపుల దగ్గర నీరు నాలుగున్నర అడుగుల దగ్గరే ఆగింది.
గోడ మీద తారుగీత మాత్రం అయిదుకి రవ్వంత కింద.

"లస్కరు రత్నమాండీ!
అమాస పోటుకి కొలబద్ద అబద్ధమాడుద్దనేవోడు.
కెరటం ఎనక్కెళ్ళినప్పుడు సూత్తారు గదా మీవోళ్ళు.
ఆడు దిగి మోకాలితో సూసేవోడు.
మోకాలి మీద బెత్తెడు కలుపుకోండి బాబూ అంటే
ఆ రాయుడుగారొక్కడే రాసుకున్నాడు."

చెయ్యి చాపి కొలుచుకున్నాను.
నాలుగు వేళ్ళు, అడుగులో మూడో వంతు, ఇంకా కాస్త.
బెత్తెడు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ కట్టాను.
మూడు ముక్కలూ అతుక్కుని ఒకే ఫైలయ్యాయి.
పైతాన్ పిలిచింది, మురుగు పలికింది:
నాలుగు పాయింటు ఎనిమిది అయిదు.

వ్యాఖ్యలు కంపైలర్ చదవదు.
అయినా రత్నం పేరు కింద ఇంకో సి కొట్టి,
డెబ్బై రెండో గడి దాటకుండా,
బెత్తెడు, అమావాస్యకి, అని రాశాను.
పౌర్ణమికి ఎంతో
ఏసుపాదానికీ తెలియదట.